ఒకే స్లైడు, రెండు పేర్లు: కొవ్వు కణితులను ఎలా వేరు చేస్తారు

శరీరం నుంచి తీసిన కండరం ముక్కను కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రావణం సీసాలో వేస్తే అడుగుకు దిగిపోతుంది. కొవ్వు గడ్డను వేస్తే పైకి తేలుతుంది. తీసిన ముక్కలను పరీక్షించి జబ్బును తేల్చే పాథాలజీ విభాగంలో పనిచేసేవారికి సీసా మూత తీయకముందే దొరికే మొదటి ఆధారం ఇదే. లోపల ఉన్నది కొవ్వు అని అప్పుడే తెలిసిపోతుంది. అది ఏ రకం కొవ్వు కణితి అని తేల్చడానికి మాత్రం కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది.

విచిత్రం ఏమిటంటే, సూక్ష్మదర్శిని కింద ఆ కొవ్వు కనిపించదు. ముక్కను మైనంలో పోతపోసే ముందు ఆల్కహాల్, జైలీన్ ద్రావకాల గుండా పంపుతారు. ఆ దారిలో కొవ్వంతా కరిగిపోతుంది. స్లైడు మీద మిగిలేవి ఖాళీ గదులు, వాటి పలుచని గోడలు, ఒక మూలకు ఒదిగిన కేంద్రకాలు మాత్రమే. కాపురమున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లో గోడలను, గూళ్లను చూసి ఆ కుటుంబం ఎలాంటిదో చెప్పడం లాంటి పని ఇది. గదుల సైజుల్లో తేడా ఎంత, వాటి మధ్య పొరలు ఎంత మందం, మూలనున్న కేంద్రకం ఎంత నల్లబడింది అనే చిన్న చిన్న తేడాల మీద రోగి చికిత్స ఆధారపడుతుంది.

మన భాషలో ‘గడ్డ’ అనే మాట చాలా బరువు మోస్తుంది. చీము గడ్డా గడ్డే, కొవ్వు గడ్డా గడ్డే, నేలలో ఊరే దుంపా కొన్ని చోట్ల గడ్డే. ‘కణితి’ అనగానే మాత్రం చాలామంది క్యాన్సర్ అనే అర్థం చేసుకుంటారు. నిజానికి కణితి అంటే అదుపు తప్పి పెరిగిన కణాల సమూహం అని మాత్రమే. అది మంచిదా, చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. కొవ్వు కణజాలంలో ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం ఎందుకు కష్టమో, ఎలా చెబుతారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మృదుకణజాల (కొవ్వు, కండరం వంటివాటి) కణితులకు 1969 నుంచి ఒక వర్గీకరణను ప్రచురిస్తోంది. 1994, 2002, 2013, 2020 సంవత్సరాల్లో దాన్ని తిరగరాశారు. ప్రతిసారీ కొన్ని పేర్లు పోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయి. ఈ పేర్ల మార్పును పండితుల పట్టింపు అనుకోవడం పొరపాటు. కణితికి పెట్టే పేరు మూడు ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. తీసేస్తే మళ్లీ అక్కడే వస్తుందా? శరీరంలో మరో చోటికి పాకుతుందా? ఇప్పుడు సాధువుగా ఉన్నది రేపు మరింత ప్రమాదకరంగా మారుతుందా? ఈ మూడింటికీ సరైన జవాబు ఇవ్వలేని పేరును ఎప్పటికైనా మార్చవలసిందే.

అన్నిటికంటే ముందు మామూలు లైపోమా, అంటే నిరపాయకరమైన కొవ్వు గడ్డ. పెద్దవాళ్లలో వచ్చే మృదుకణజాల కణితుల్లో ఇదే అత్యధికం. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వయసులో, వీపు మీదో భుజం మీదో చర్మం కిందే మెత్తగా తగులుతుంది. వేలితో నొక్కితే పక్కకు జారుతుంది. నొప్పి ఉండదు. చాలావరకు 5 సెంటీమీటర్లు దాటదు, అంటే పెద్ద నిమ్మకాయంత. కోసి చూస్తే పలుచని తొడుగులో చుట్టిన పసుపు ముద్ద, లోపల పనస తొనల్లా విడివిడి భాగాలు. స్లైడు మీద గదులన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి. పక్కనున్న మామూలు కొవ్వుకూ దీనికీ తేడా చెప్పమంటే అనుభవమున్న పాథాలజిస్టు కూడా తొడుగును చూసే చెబుతారు. దాదాపు 5 శాతం మందిలో ఇవి ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో తండ్రికీ కొడుకుకూ ఒళ్లంతా చిన్న గడ్డలు కనిపిస్తాయి. చూసేవారికి భయం కలిగించినా అవి ప్రమాదకరం కావు.

ఇదే లైపోమా కండరం లోపల పుడితే కథ కాస్త మారుతుంది. అక్కడ తొడుగు ఉండదు. కొవ్వు కండరపు పోగుల మధ్య చొరబడుతుంది. అది నిరపాయకరమైనదే అయినా, పూర్తిగా తీయకపోతే మళ్లీ పెరుగుతుంది. పైగా లోతులో ఉన్న పెద్ద కొవ్వు కణితి అనగానే వేరే అనుమానం తలెత్తుతుంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

లైపోమాకు దగ్గరి బంధువులు అనేకం. వాటిలో కొన్నింటిని స్లైడు చూడకముందే రోగి వయసు, గడ్డ చోటు చెప్పేస్తాయి. ఇరవయ్యేళ్ల యువకుడికి ముంజేతి మీద చిన్న చిన్న గడ్డలు, నొక్కితే నొప్పి అంటే యాంజియోలైపోమా అని అనుమానిస్తారు. స్లైడులో కొవ్వు గదుల మధ్య సన్నని రక్తనాళాలు గుంపులుగా, వాటిలో కొన్నింటిలో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే ప్రొటీను ముద్దలు కనిపిస్తాయి. యాభై దాటిన మగవాడికి మెడ వెనుక లేదా వీపు పైభాగంలో గడ్డ ఉంటే స్పిండిల్ సెల్ లైపోమా గుర్తుకు రావాలి. అందులో కొవ్వు గదులతో పాటు కదురు ఆకారంలో సన్నని కణాలు, కొబ్బరి తాళ్లలా పురిపెట్టిన కొల్లాజెన్ పోగులు ఉంటాయి. దీన్ని 1975లో ఎంజింగర్, హార్వీ అనే ఇద్దరు వైద్యులు వేరు చేసి వర్ణించారు. దీని మరో రూపమైన ప్లియోమార్ఫిక్ లైపోమాలో పెద్ద కణాల లోపల కేంద్రకాలు పూరేకుల్లా గుండ్రంగా అమరి, చూడగానే క్యాన్సరేమో అనిపించేంత వికారంగా కనిపిస్తాయి. అయినా ఇది పూర్తిగా నిరపాయకరం. మెడ వెనుక వచ్చిందని, సీడీ34 అనే ప్రొటీను రంగు పడుతోందని, ఆర్‌బీ1 జన్యువు పోయిందని నిర్ధారించుకుంటే రోగికి అనవసరమైన పెద్ద ఆపరేషన్ తప్పుతుంది.

హైబర్నోమా పేరులోనే దాని కథ ఉంది. శీతాకాలమంతా నిద్రపోయే జంతువుల్లో వేడిని పుట్టించే గోధుమరంగు కొవ్వు ఉంటుంది. మనుషుల్లో అది పసిబిడ్డల్లో ఎక్కువ, పెద్దయ్యాక కొద్దిగా మిగులుతుంది. ఆ కొవ్వును పోలిన కణితిని మెర్కెల్ 1906లో వర్ణించగా, జెరీ 1914లో శీతాకాల నిద్రను గుర్తుచేసే ఈ పేరు పెట్టారు. యువకుల్లో, ఎక్కువగా తొడలో వస్తుంది. ఈ కణాల్లో ఒక్క పెద్ద గదికి బదులు ఎన్నో చిన్న చిన్న బుడగలుంటాయి, కేంద్రకం మూలకు పోకుండా మధ్యలోనే ఉంటుంది. వేడి పుట్టించే స్వభావం వల్ల ఇది చక్కెరను బాగా పీల్చుకుంటుంది. అందుకే మరే జబ్బు కోసమో పెట్ స్కాన్ తీసినప్పుడు క్యాన్సర్‌లా వెలిగిపోతూ వైద్యుణ్ణి కలవరపెడుతుంది. అది వెలిగిందని క్యాన్సర్ అనుకోకూడదు.

పసిపిల్లల్లో, ముఖ్యంగా మూడేళ్ల లోపు వారిలో వచ్చేది లైపోబ్లాస్టోమా. స్లైడులో ఎదిగీ ఎదగని కొవ్వు కణాలు, జిగురు పదార్థం, సన్నని రక్తనాళాల వల కనిపిస్తాయి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. పెద్దవాళ్లలో వచ్చే మిక్సాయిడ్ (జిగురుతో నిండిన) లైపోసార్కోమా అనే కొవ్వు క్యాన్సర్ కూడా దాదాపు ఇలాగే కనిపిస్తుంది. స్లైడు ఒక్కటే ఇచ్చి, రోగి వయసు చెప్పకపోతే పొరబడే అవకాశం చాలా ఎక్కువ. ఏడాదిన్నర బిడ్డ అని తెలిస్తే సగం సందేహం తీరిపోతుంది. పదేళ్ల లోపు పిల్లల్లో లైపోసార్కోమా అత్యంత అరుదు. మిగిలిన సగం పీఎల్ఏజీ1 అనే జన్యువు స్థానం మారిందో లేదో చూస్తే తీరుతుంది. స్లైడుతో పాటు పంపే కాగితంలో వయసు, చోటు, లోతు, ఎంత కాలంగా ఉంది అనే వివరాలను సర్జన్ వదిలేస్తే పాథాలజిస్టు చేతిలోని సగం పరికరాలను లాక్కున్నట్టే.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. చాలాకాలం కొవ్వు క్యాన్సర్‌ను గుర్తించే మార్గం ఒక్కటే అని వైద్యవిద్యార్థులకు నేర్పేవారు. లైపోబ్లాస్టు కనిపిస్తే లైపోసార్కోమా, కనిపించకపోతే కాదు. లైపోబ్లాస్టు అంటే కొవ్వు బుడగలు కేంద్రకాన్ని నొక్కి, దాని అంచును పళ్లతో కొరికినట్టు గుంటలు పెట్టిన కణం. కేంద్రకం నల్లగా ముదిరి ఉంటుంది. వినడానికి సులువైన సూత్రం, ఆచరణలో ప్రమాదకరమైన సూత్రం. ఎందుకంటే నిరపాయకరమైన లైపోబ్లాస్టోమాలో లైపోబ్లాస్టులు ఉంటాయి. 1993లో కొత్తగా వర్ణించిన కాండ్రాయిడ్ లైపోమాలోనూ ఉంటాయి, అదీ నిరపాయకరమే. దెబ్బ తగిలి చచ్చిన కొవ్వును తినడానికి వచ్చే మాక్రోఫేజ్ కణాలు నురుగు నింపుకుని లైపోబ్లాస్టుల్లా నటిస్తాయి. చివరికి మామూలు కొవ్వు కణం కేంద్రకాన్ని కూడా ఒక కోణంలో కోస్తే మధ్యలో చిల్లు పడినట్టు కనబడి కొత్తవారిని మోసగిస్తుంది. మరోవైపు, నిజమైన లైపోసార్కోమాల్లో అత్యధికంగా వచ్చే రకంలో ఎంత వెతికినా ఒక్క లైపోబ్లాస్టు కూడా దొరకకపోవచ్చు. కాబట్టి నేటి నియమం ఇది: లైపోబ్లాస్టు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు, లేనంత మాత్రాన నిశ్చింతా కాదు.

ఆ అత్యధిక రకం గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ మొత్తం వర్గీకరణలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది అదే.

యాభై, అరవై ఏళ్ల వ్యక్తికి తొడలో లోతుగా ఒక గడ్డ నెమ్మదిగా ఏళ్ల తరబడి పెరిగింది అనుకుందాం. తీసేసరికి 15 సెంటీమీటర్లు ఉంది. కోస్తే లైపోమా లాగే పసుపు ముద్ద, కాకపోతే మధ్యలో అక్కడక్కడ మందపాటి తెల్లని పొరలు. స్లైడులో గదుల సైజులు అసమానంగా ఉంటాయి, కొన్ని పెద్దవి, కొన్ని చాలా చిన్నవి. పొరల్లో అక్కడక్కడ నల్లగా, పెద్దగా, వంకరగా ఉన్న కేంద్రకాలు. ఇవి పది ఫీల్డులు (సూక్ష్మదర్శినిలో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూస్తే ఒక్కటి దొరకవచ్చు. ఇదే రకం కణితి మరో వ్యక్తికి కడుపు వెనుక భాగంలో, పేగులకు వెనుక మూత్రపిండాల చుట్టూ ఉండే లోతైన స్థలంలో వచ్చింది అనుకుందాం. రెండు స్లైడులనూ పక్కపక్కన పెడితే తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. జన్యువుల్లోనూ తేడా లేదు.

అయినా ఫలితాలు పూర్తిగా వేరు. తొడలో వచ్చిన దాన్ని సర్జన్ చుట్టూ కాస్త మంచి కణజాలంతో కలిపి తీయగలరు. కొందరిలో మళ్లీ వస్తే మళ్లీ తీస్తారు. దాని వల్ల ప్రాణం పోవడం దాదాపు ఉండదు. కడుపు వెనుక వచ్చినది పక్కన మూత్రపిండం, పెద్ద రక్తనాళాలు, పేగు ఉండడం వల్ల పూర్తిగా తీయడం కష్టం. మళ్లీ మళ్లీ వస్తుంది. దీర్ఘకాల పరిశీలనల్లో, 10 నుంచి 20 ఏళ్ల దాకా గమనిస్తే, ఈ జబ్బు వల్ల మరణించినవారు 80 శాతానికి పైగా ఉన్నారు. ఒకే కణితి, ఒకే స్లైడు, ఒకచోట దాదాపు సున్నా, మరోచోట అంత భారం.

మరి దీన్ని ఏమని పిలవాలి? 1979లో ఎవాన్స్, సూల్, వింకల్మన్ ఈ ప్రశ్నను ధైర్యంగా ఎదుర్కొన్నారు. చర్మం కిందా కండరంలోనూ వచ్చిన దాన్ని క్యాన్సర్ అనకుండా ‘అసాధారణ లైపోమా’ అందామని, కడుపు వెనుక వచ్చిన దానికి మాత్రం లైపోసార్కోమా పేరు ఉంచుదామని ప్రతిపాదించారు. కణితి రూపాన్ని బట్టే పేరు పెట్టాలని నమ్మేవారికి ఇది మింగుడుపడలేదు. ఊరు మారితే మనిషి పేరు మారుతుందా అన్నది వారి వాదన. కానీ రోగి వైపు నుంచి చూస్తే ఎవాన్స్ బృందం చెప్పిందే సరి అనిపిస్తుంది. తొడలో గడ్డ తీయించుకున్న మనిషికి ‘మీకు లైపోసార్కోమా’ అని చెబితే ఆయన మిగిలిన జీవితమంతా క్యాన్సర్ రోగిగా బతుకుతాడు, కొందరు వైద్యులు అవసరం లేని రేడియేషన్ కూడా ఇస్తారు. నేటి పద్ధతి ఈ రాజీ మీదే నిలిచింది. కాళ్లు చేతులు, ఛాతీ గోడ వంటి పూర్తిగా తీయగలిగిన చోట్ల వస్తే ‘అటిపికల్ లైపోమాటస్ ట్యూమర్’ అంటారు. కడుపు వెనుక, రొమ్ము పంజరం మధ్యభాగం వంటి చోట్ల వస్తే ‘వెల్ డిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా’ అంటారు. లైపోసార్కోమా కుటుంబంలో ఇవి రెండూ కలిసి 40 నుంచి 45 శాతం.

ఈ పేరును నిలబెట్టే ఆధారం 12వ క్రోమోజోములో దొరికింది. ఈ కణాల్లో ఉంగరంలా చుట్టుకున్న అదనపు క్రోమోజోములు, కర్రల్లా పొడవైన పెద్ద క్రోమోజోములు కనిపిస్తాయి. వాటిలో 12వ క్రోమోజోము పొడవాటి భుజంలోని ఒక ముక్క పదే పదే నకలు అయి ఉంటుంది. ఆ ముక్కలో ఎండీఎం2, సీడీకే4 అనే జన్యువులున్నాయి. మొదటిది కణానికి కాపలాదారు అయిన పీ53 ప్రొటీనును అణచివేస్తుంది. రెండోది కణాన్ని విభజన వైపు తోస్తుంది. మామూలు కణంలో ఈ జన్యువుల నకళ్లు రెండే ఉంటాయి, ఈ కణితిలో గుంపులుగా ఉంటాయి. ఫిష్ అనే పరీక్షలో ఎండీఎం2కు అంటుకునే మెరిసే రంగు చుక్కలు వేసి లెక్కిస్తారు. లైపోమాలో కేంద్రకానికి రెండు చుక్కలు, ఇందులో లెక్కకందని చుక్కల గుత్తి. పది ఫీల్డుల్లో ఒక్క నల్లని కేంద్రకం కోసం గంటల తరబడి వెతికే శ్రమకు ఈ పరీక్ష మంచి తోడు. కానీ దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని ఎముక క్యాన్సర్లలో, పెద్ద రక్తనాళాల గోడల్లో పుట్టే ఒక సార్కోమాలో (మృదుకణజాలంలోనో ఎముకలోనో పుట్టే క్యాన్సర్‌ను సార్కోమా అంటారు) కూడా ఎండీఎం2 ఇలాగే పెరిగి ఉంటుంది.

12వ క్రోమోజోము పొడవాటి భుజం గురించి మరొక్క మాట. మామూలు లైపోమాల్లో చాలావాటిలో తెగి అతుక్కునే హెచ్ఎంజీఏ2 జన్యువు కూడా ఆ భుజం మీదే, ఎండీఎం2కు చేరువలోనే ఉంది. ముందు చెప్పబోయే మిక్సాయిడ్ లైపోసార్కోమాలో తెగే డీడీఐటీ3 జన్యువు కూడా అదే వీధిలో ఉంది. ఒక వీధిలో ఒక ఇంటి గోడ పడితే లైపోమా, కొన్ని ఇళ్లు కలిసి వందలుగా పెరిగితే ఒక రకం లైపోసార్కోమా, మరో ఇంటి తలుపు పక్క ఊరి ఇంటికి బిగిస్తే ఇంకో రకం. పసుపు ముద్దలు చూడటానికి ఒకేలా ఉన్నా, వాటి వెనుక జరిగిన ప్రమాదాలు మూడు వేరు వేరు రకాలు.

ఈ నెమ్మదైన కణితి ఎప్పటికీ నెమ్మదిగానే ఉండదు. ఒక భాగంలో కొవ్వు రూపాన్ని పూర్తిగా వదిలేసి, కొవ్వు గది ఒక్కటి కూడా లేని గట్టి, వేగంగా పెరిగే సార్కోమాగా మారవచ్చు. 1979లోనే ఎవాన్స్ 55 కేసుల అధ్యయనంలో దీనికి డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అని పేరు పెట్టారు. కాళ్లు చేతుల్లో ఈ మార్పు 2 శాతం లోపే, కడుపు వెనుక మాత్రం 20 శాతం పైగా. చిత్రంగా, ఇలాంటి కణితుల్లో 90 శాతం మొదటిసారి తీసినప్పుడే ఆ మారిన భాగంతో దొరుకుతాయి. పసుపు ముద్ద మధ్యలో తెల్లని గట్టి బొడిపెలా కనిపించే భాగం అదే. సర్జన్ పంపిన పెద్ద కణితి నుంచి పసుపు భాగం ఒక్కటే కోసి స్లైడు చేస్తే అసలు ప్రమాదం కనబడకుండా పోతుంది. అందుకే ప్రతి రంగు తేడా ఉన్నచోటా ముక్క తీయాలని పాథాలజీ విద్యార్థులకు మొదటి నుంచీ చెబుతారు. ఇది 15 నుంచి 20 శాతం మందిలో ఊపిరితిత్తుల వంటి చోట్లకు పాకుతుంది. కడుపు వెనుక గట్టి సార్కోమా ఒకటి దొరికి, అది ఏ రకమో అర్థం కానప్పుడు ఎండీఎం2 పరీక్ష చేస్తే చాలాసార్లు ఇదే బయటపడుతుంది.

మిక్సాయిడ్ లైపోసార్కోమా కథ వేరు. ఇది లైపోసార్కోమాల్లో 20 నుంచి 30 శాతం. 30, 40 ఏళ్ల వయసులో, తొడ లోతుల్లో వస్తుంది. పిల్లల్లోనూ కౌమారంలోనూ అరుదుగా లైపోసార్కోమా వస్తే అది ఎక్కువగా ఇదే రకం. కోస్తే పసుపు కాదు, తాటి ముంజెలా నిగనిగలాడే జిగురు ముద్ద. స్లైడులో లేత జిగురు పదార్థం మీద సన్నని రక్తనాళాలు కోళ్ల దొడ్డి వలలా కొమ్మలు వేసి అల్లుకుంటాయి. ఆ వల కళ్లలో నిలిచిపోతే మరెప్పుడూ మరిచిపోరు. వాటి మధ్య చిన్న గుండ్రని కణాలు, ఉంగరాన్ని తలపించే చిన్న లైపోబ్లాస్టులు.

1986లో 12, 16 క్రోమోజోముల మధ్య ముక్కలు ఇచ్చిపుచ్చుకున్నట్టు కనుగొన్నారు. 1993లో ఆ మార్పిడి వల్ల ఏ రెండు జన్యువులు కలిసిపోయాయో తేలింది. ఎఫ్‌యూఎస్, డీడీఐటీ3 అతుక్కుని ఒక కొత్త జన్యువు తయారవుతుంది. 95 శాతం మిక్సాయిడ్ లైపోసార్కోమాల్లో ఇది కనబడుతుంది. మిగిలినవాటిలో ఎఫ్‌యూఎస్ స్థానంలో ఈడబ్ల్యూఎస్ఆర్1 ఉంటుంది. ఈ ఒక్క ఆవిష్కరణతో ఒక పాత గొడవ తేలిపోయింది. చిన్న గుండ్రని కణాలతో కిక్కిరిసి, ఎక్కువ ప్రమాదకరంగా ఉండే రకాన్ని అప్పటిదాకా ‘రౌండ్ సెల్ లైపోసార్కోమా’ అని వేరే పేరుతో పిలిచేవారు. 1962లో ఎంజింగర్, విన్‌స్లో 103 కేసులు పరిశీలించి వేసిన వర్గీకరణలో అది ఒక ప్రత్యేక శాఖ. ఆ కణాల్లోనూ అదే ఎఫ్‌యూఎస్, డీడీఐటీ3 కలయిక దొరకడంతో అవి రెండూ ఒకే జబ్బుకు రెండు దశలని స్పష్టమైంది. 2013లో ఆ పేరును వర్గీకరణ నుంచి తీసేశారు. ఇప్పుడు గుండ్రని కణాల భాగం 5 శాతం దాటితే ‘హై గ్రేడ్ మిక్సాయిడ్ లైపోసార్కోమా’ అంటారు. పాత వైద్య నివేదికల్లో ఆ పేరు కనిపించినవారు అది వేరే జబ్బు అనుకోనవసరం లేదు.

ఈ పేరు తెలిస్తే చికిత్స మారుతుంది, అందుకే దీనికి ఇంత చోటు ఇస్తున్నాను. మిగిలిన సార్కోమాలు ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతాయి. ఇది వెన్నెముకకు, కడుపు వెనుక కొవ్వుకు, మరో తొడకు, చంకకు పాకుతుంది. అందుకే ఈ రోగికి ఛాతీ స్కాన్ ఒక్కటే సరిపోదు, వెన్నెముక ఎంఆర్ఐ కూడా తీయాలి. ఎముకల స్కాన్‌లో ఈ పాకడం తరచు కనబడదు. మరో మంచి సంగతి, ఇది రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. ఆపరేషన్‌కు ముందు సాధారణంగా ఇచ్చే 50 గ్రేలకు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) బదులు 36 గ్రేలతోనే ఈ ఒక్క రకంలో మంచి ఫలితం వచ్చిందని పరిశోధనల్లో తేలింది. ట్రాబెక్టెడిన్ అనే మందు కూడా దీని మీద ప్రత్యేకంగా పనిచేస్తుంది. కడుపు వెనుక మిక్సాయిడ్ లైపోసార్కోమాను పోలిన గడ్డ కనిపిస్తే మాత్రం వెంటనే నమ్మకూడదు. అక్కడ ఇది మొదటగా పుట్టడం అత్యంత అరుదు. చాలాసార్లు అది జిగురుగా మారిన వెల్ డిఫరెన్షియేటెడ్ రకమో, తొడలో గమనించని కణితి నుంచి పాకినదో అయి ఉంటుంది.

ప్లియోమార్ఫిక్ లైపోసార్కోమా అరుదు, లైపోసార్కోమాల్లో సుమారు 5 శాతం. యాభై దాటినవారి కాళ్లలో వేగంగా పెరుగుతుంది. స్లైడులో భీకరమైన పెద్ద కణాలు, వాటి మధ్య వికృతమైన లైపోబ్లాస్టులు కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం పాత సూత్రం నిజం, లైపోబ్లాస్టు దొరికితేనే ఈ పేరు పెట్టగలరు. దీనికి ప్రత్యేకమైన జన్యు గుర్తు ఏదీ లేదు. 30 నుంచి 50 శాతం మందిలో ఊపిరితిత్తులకు పాకుతుంది.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు కొత్త పేర్లను చేర్చింది. ఒకటి మిక్సాయిడ్ ప్లియోమార్ఫిక్ లైపోసార్కోమా. పిల్లల్లోనూ యువతలోనూ, తరచుగా ఛాతీ మధ్యభాగంలో వస్తుంది. మిక్సాయిడ్ రూపం, ప్లియోమార్ఫిక్ కణాలు రెండూ ఉంటాయి కానీ ఆ రెంటికీ చెందదు. డీడీఐటీ3 కలయిక లేదు, ఎండీఎం2 పెరుగుదల లేదు. చాలా దూకుడైన జబ్బు. పీ53 జన్యువులో వంశపారంపర్య లోపమున్న లీ-ఫ్రామెనీ కుటుంబాల్లోనూ కొన్ని కేసులు కనిపించాయి కాబట్టి ఈ రోగ నిర్ధారణ జరిగితే కుటుంబ చరిత్ర గురించి తప్పక అడగాలి. రెండోది దీనికి పూర్తి విరుద్ధం. అటిపికల్ స్పిండిల్ సెల్, ప్లియోమార్ఫిక్ లైపోమాటస్ ట్యూమర్ అనే పొడవైన పేరు. చేతులు, పాదాల్లోనూ వస్తుంది. కణాలు అనుమానాస్పదంగా కనిపిస్తాయి, ఒకప్పుడు దీన్ని లైపోసార్కోమా అనే పిలిచేవారు. ఎండీఎం2 ఇందులో పెరగలేదు. ఆర్‌బీ1 పోయింది చాలావాటిలో. 10 నుంచి 15 శాతం మందిలో అక్కడే మళ్లీ రావచ్చు, అంతకు మించి ప్రమాదం లేదు. ఒకప్పుడు క్యాన్సర్ అని చెప్పిన జబ్బును నిరపాయకర వర్గంలోకి మార్చడమంటే, అది కాగితం మీద మార్పు మాత్రమే కాదు.

కొవ్వు ఉన్నంత మాత్రాన ప్రతిదీ ఈ కుటుంబానికి చెందదు. మూత్రపిండంలో కనిపించే యాంజియోమయోలైపోమాలో కొవ్వు ఉన్నా దాని వంశం వేరు, అందులో హెచ్ఎంబీ45 అనే ప్రొటీను ఉంటుంది. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జన్యు జబ్బు ఉన్నవారిలో ఇవి ఎక్కువ. అడ్రినల్ గ్రంథిలో వచ్చే మైలోలైపోమాలో కొవ్వు మధ్య ఎముక మజ్జ లాంటి రక్తకణాలు తయారవుతుంటాయి. మద్యం అధికంగా తాగే మగవారిలో మెడ చుట్టూ, భుజాల మీద కొవ్వు పేరుకుపోయే మాడెలుంగ్ జబ్బులో గడ్డలు పెద్దవైనా అవి కణితులు కావు.

ఇదంతా తెలిసిన పాఠకుడు తన శరీరం మీద గడ్డ తగిలితే ఏమి చేయాలి? చర్మం కింద చిన్నది, మెత్తనిది, ఏళ్ల తరబడి అలాగే ఉన్నది అయితే వైద్యునికి ఒకసారి చూపించి నిశ్చింతగా ఉండవచ్చు. 5 సెంటీమీటర్లు దాటినా, కండరం లోతులో ఉన్నా, నెలల్లో పెరిగినా, గట్టిపడినా ముందు ఎంఆర్ఐ తీయించాలి. కొవ్వు అంతా ఒకేలా ఉండి పలుచని పొరలే ఉంటే లైపోమా, మందపాటి పొరలు, కొవ్వు కాని బొడిపెలు ఉంటే అనుమానం. తరువాత సూదితో బయాప్సీ. సూది ఎక్కడ గుచ్చాలన్నది ఆ తరువాత ఆపరేషన్ చేయబోయే సర్జన్‌ను సంప్రదించి నిర్ణయించాలి, ఎందుకంటే ఆ దారి కూడా తీసివేయవలసి రావచ్చు. లైపోమా అనుకుని లోతైన గడ్డను చిన్న కోతతో ముక్కలు ముక్కలుగా లాగేసి, ఆ తరువాత అది సార్కోమా అని తెలిస్తే రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. ఇలా జరగడం అరుదు కాదు, నిజంగా బాధ కలిగించే విషయం ఇది. తీసిన గడ్డ ఎంత చిన్నదైనా పాథాలజీకి పంపమని అడగడం రోగి హక్కు.

పాథాలజీ నివేదిక ఇంటికి తెచ్చుకున్నాక దాని సంఖ్యను జాగ్రత్తగా దాచుకోండి. ఆ సంఖ్యతో ముడిపడిన మైనపు దిమ్మె ఆ ఆసుపత్రి అరల్లో ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. పదేళ్ల కిందట లైపోమా అని తీసిన గడ్డ మళ్లీ అక్కడే పెరిగితే, కొత్త గడ్డ కోసం ఎదురుచూడనవసరం లేకుండా ఆ పాత దిమ్మె నుంచే పలుచని పొర ఒకటి కోసి ఎండీఎం2 చుక్కలు లెక్కించవచ్చు.